నల్లరాతి మీద నడిచే నదులు

రాజమహేంద్రవరం పక్కన కాతేరులో, గోదావరి అవతలి ఒడ్డున గౌరీపట్నం, దుద్దుకూరు, పంగిడి ఊళ్ల దగ్గర నల్లరాతి క్వారీలున్నాయి. కోస్తాలో రోడ్డు వేయాలన్నా, శ్లాబు పోయాలన్నా ఆ వైపు నుంచి కంకర లారీలు కదలాల్సిందే. ఆ రాయి వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. అది అక్కడే పుట్టింది కాదని భూవిజ్ఞానుల్లో బలమైన అభిప్రాయం ఉంది. పడమటి కనుమల వైపు భూమి చీలి పొంగిన లావా, ఆనాటి నదీలోయలను పట్టుకుని తూర్పుకు సాగి, వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి, బంగాళాఖాతం అంచున గడ్డకట్టిందని 2008లో స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు వాదించారు. రాతి రసాయన గుణాలు, అందులో నిలిచిపోయిన అయస్కాంత గుర్తులు వారికి ఆధారం. అదే నిజమైతే భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి. రెండు లావా పొరల నడుమ ఉప్పునీటి గవ్వల శిలాజాలు దొరుకుతాయి. కోనసీమలో రాజోలు దగ్గర చమురు కోసం తవ్విన బావుల అడుగునా ఇదే నల్లరాయి తగిలింది. లావా సముద్రం దాకా వచ్చిందనడానికి ఇవి ఆనవాళ్లు.

గోదావరి పారే నేల మీద, గోదావరి కంటే ముందు నిప్పు పారింది. నీరు ఎటు పోవాలో, ఎంత పైపైన పారాలో, ఎంత లోపలికి ఇంకాలో ముందుగా తేల్చేది రాయి. తర్వాత వాన. ఆనకట్టది ఆ రెండింటి తర్వాతి స్థానం. మన జలవివాదాల్లో మాత్రం ఈ వరస తిరగబడింది. టీఎంసీలు, గేట్లు, పూర్తిస్థాయి మట్టాలు అందరి నోళ్లలోనూ నానుతాయి. రాతి ఊసు ఎవరూ ఎత్తరు. కృష్ణా గోదావరులను రాతి వైపు నుంచి చూస్తే, ఎన్నాళ్లుగానో నలుగుతున్న చిక్కుల్లో కొన్నింటికి మూలం దొరుకుతుంది.

మొదట వాలు సంగతి. త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టిన గోదావరికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్ల దూరమే. మహాబలేశ్వర్‌లో పుట్టిన కృష్ణకు ఇంకా దగ్గర, 65 కిలోమీటర్ల లోపు. అయినా రెండూ దగ్గరి సముద్రానికి వీపు తిప్పి, ఒకటి 1,465 కిలోమీటర్లు, మరొకటి దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తాయి. లావా పొర మీద పొరగా పరుచుకున్న పీఠభూమి పడమర నిట్టనిలువుగా తెగి, తూర్పుకు మెల్లగా వాలడమే దీనికి కారణం. కనుమల దగ్గర రెండు కిలోమీటర్ల దాకా ఉన్న ఆ పొరల మందం తూర్పుకు వచ్చేకొద్దీ తగ్గిపోతుంది. ఈనాటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయి మిగిలే ఉంది. మహారాష్ట్రలో ఐదింట నాలుగు వంతుల నేల కింద ఉన్నది అదే. తెలంగాణలో ఆదిలాబాద్, నారాయణ్‌ఖేడ్, జహీరాబాద్, వికారాబాద్ వైపు దాని కొసలు కనిపిస్తాయి.

వానను కూడా ఆ పడమటి కనుమల గోడే పంచుతుంది. మహాబలేశ్వర్‌లో ఏడాదికి సగటున 5,500 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అక్కడి నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు తూర్పుకు దిగితే అది వెయ్యి లోపుకు పడిపోతుంది. ఇంకా లోపలికి వెళ్తే 500, 600 దగ్గర ఆగుతుంది. రెండు పెద్ద నదులు తమ తలకట్టున తడిసి, ఆ వెంటనే వానచాటు ప్రాంతంలో వందల కిలోమీటర్లు నడవాల్సి వస్తోంది. ఆ నడక నల్లరాతి మీద.

ఇక్కడ ఆ రాతి లోపలి నిర్మాణం కాస్త తెలియాలి. ఒక్కో లావా పొరకూ పైభాగం బుడగలు బుడగలుగా, గుల్లగా ఉంటుంది; వేడి వాయువులు బయటికి పోయిన గుర్తులవి. నడిమి భాగం గట్టి దిమ్మ. ఒక పొర చల్లారి, దాని మీద మట్టి పట్టి, ఆ పైన మరో పొర పారితే ఆ మట్టి కాలి ఎర్రటి బంకపట్టీగా మిగులుతుంది. కనుమల్లో రోడ్డు కోసం తొలిచిన చోట్ల ఈ ఎర్ర గీతలు దూరం నుంచే కనిపిస్తాయి. నీరు గుల్ల పొరలో నిలుస్తుంది, పగుళ్ల వెంట జారుతుంది, ఎర్ర పట్టీ దగ్గర ఆగి పక్కకు తిరిగి, కొండవాలులో ఊటగా బయటపడుతుంది. దిమ్మ భాగంలోకి చుక్క దిగదు. అందుకే ఒక రైతు బావిలో మోకాలి లోతు నీళ్లుంటే, నూరు గజాల అవతల పక్క రైతు వేసిన బోరులో దుమ్ము లేస్తుంది. మన దేశంలో భూగర్భజలాలను అంచనా వేసే అధికారిక ప్రమాణాల ప్రకారం, నీట నానిన నల్లరాతి నుంచి బావికి దిగేది దాని ఘనపరిమాణంలో దాదాపు 2 శాతమే. ఇసుక కలిసిన ఒండ్రు నేలలో అది 16 శాతం. గోదావరి డెల్టా రైతుకూ, బీడ్ జిల్లా రైతుకూ కాళ్ల కింద ఉన్న గిడ్డంగుల్లో తేడా ఇంత.

అగ్నిపర్వతాల రాయి అంతటా ఇలాగే ఉంటుందనుకోవడానికి లేదు. దాని వయసు ముఖ్యం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో కాస్కేడ్ పర్వతాలు ఈ సంగతిని తేటగా చూపిస్తాయి. అక్కడ పడమటి భాగం కోట్ల ఏళ్ల నాటి పాత లావా. తూర్పున ఎత్తైన భాగం కొత్తది. రెండు చోట్లా వానా మంచూ దండిగానే పడతాయి. పాత రాతి మీది వాగులు వానకు ఉరకలేసి, ఎండాకాలానికి సన్నబడిపోతాయి. కొత్త రాయి పడిన నీటినంతా తాగేసి, ఊటల ద్వారా ఏడాది పొడవునా నిదానంగా వదులుతుంది. మెకంజీ నది వేసవిలోనూ నిండుగా పారడానికి కారణం అదే. ఆ నది పుట్టే క్లియర్ లేక్ కథ మరీ చిత్రం. సుమారు మూడు వేల ఏళ్ల కిందట లావా లోయకు అడ్డంగా పారి గడ్డకట్టడంతో నీరు నిలిచి సరస్సయింది. అప్పుడు మునిగిన చెట్ల మోళ్లు ఆ చల్లని నీటి అడుగున ఇంకా నిలబడే ఉన్నాయి.

పొరుగు రాష్ట్రం ఐడహోలో బిగ్ లాస్ట్ అనే నది కొండల్లోంచి మైదానంలోకి దిగి, స్నేక్ నదిని చేరకుండానే లావా నేలలోకి ఇంకిపోతుంది. అలా ఇంకిన నీళ్లు నేల కింద వంద మైళ్లకు పైగా నడిచి, థౌజండ్ స్ప్రింగ్స్ అనే చోట కొండ అంచు నుంచి ఊటలై దూకుతాయి. మన నల్లరాతికీ ఒకప్పుడు ఇలాంటి గుణం ఉండే ఉంటుంది. 6.6 కోట్ల ఏళ్ల వానలకు దాని పగుళ్లు బంకమట్టితో పూడుకుపోయాయి. గుల్లల్లో స్ఫటికాలు పెరిగాయి. తాగే శక్తి ఉడిగి, పడిన నీటిని పారబోసే రాయిగా అది మారింది.

ఆ రాయి శిథిలమై తయారయిందే నల్లరేగడి. పత్తికీ జొన్నకూ శనగకూ అది కల్పవృక్షం. తేమను అంత పట్టి ఉంచే నేల ఇంకొకటి లేదు. నీటి నడక దృష్ట్యా మాత్రం దాని తీరు వేరు. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. మృగశిర కార్తె తొలివానలు ఆ నెర్రెల్లో పడి నేరుగా లోపలికి పోతాయి. నేల తడిసి ఉబ్బాక నెర్రెలు మూసుకుంటాయి. ఆపై కురిసిందంతా పైపైన పారి, మట్టిని కడుక్కుని వాగుల్లో పడుతుంది. వాగు ఒక పూట ఉప్పొంగి మర్నాటికి మోకాలి లోతుకు దిగిపోతుంది. జూన్ నుంచి అక్టోబరు మధ్య పారిన నీటినే ఏడాదంతా సర్దుకోవాల్సిన బాధ్యత మనిషిపై పడటానికి రుతుపవనం ఎంత కారణమో, ఈ నేలా అంతే.

మంజీరా నదిని చూస్తే ఈ లెక్క బోధపడుతుంది. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదర్ మీదుగా తెలంగాణలోకి వచ్చి, గోదావరిలో కలుస్తుంది. పై సగం నల్లరాతి నేలే. దాని మీద నిజాం కాలంలో, 1923-31 మధ్య, నిజాంసాగర్ కట్టారు. తర్వాత సింగూరు వచ్చింది. దశాబ్దాల పాటు హైదరాబాదు గొంతు తడిపిన నది ఇది. 2016 ఎండాకాలంలో లాతూరు పట్టణానికి తాగునీళ్లు లేక, కృష్ణా తీరంలోని మిరజ్ నుంచి రైలు వ్యాగన్లలో తెచ్చి పోశారు. ఆ ఏడాదే దిగువన సింగూరు, నిజాంసాగర్ అడుగంటాయి. ఎగువన వందల అడుగుల బోర్లు, నీళ్లు మింగే చెరకు తోటలు. దిగువన ఖాళీ జలాశయాలు. ఈ రెండూ వేర్వేరు వార్తలుగానే అచ్చయ్యాయి. పలచటి నల్లరాతి పొరలో బావి నీరూ వాగు నీరూ ఒకటే. బావిని తోడేస్తే వాగుకు ఊట అందదు, వాగుకు అందనిది జలాశయానికీ చేరదు.

ఇదే నేల మీద పాతకాలం వాళ్లు వేరే దారి పట్టారు. బీదర్ కోట ఉన్న గుట్ట పైన లేటరైట్, దాని కింద నల్లరాయి. పైనున్న ఎర్రరాయి గుల్లది కాబట్టి వాన నీరు దిగిపోతుంది. నల్లరాయి తగలగానే ఆగుతుంది. బహమనీల కాలంలో సరిగ్గా ఆ రెండు రాళ్లు కలిసే చోటును పట్టుకుని సొరంగాలు తొలిచారు. ఆ సొరంగాల్లో ఒకటైన నౌబాద్ కరేజ్ రెండు కిలోమీటర్లకు పైగా నేల కింద సాగుతుంది. గాలికీ వెలుతురుకూ పైనుంచి వరసగా బావుల్లాంటి గుంతలు వదిలారు. ఔరంగాబాద్‌లో 1617 ప్రాంతంలో మలిక్ అంబర్ తవ్వించిన నహర్-ఎ-అంబరీ కూడా కొండల్లో ఇంకిన నీటిని సొరంగాల్లో ఊరికి చేర్చిందే. మోటారు లేదు, గేటు లేదు. రాతిని చదవగలిగిన వాళ్ల పని అది.

నాందేడ్ దాటి బాసర వైపు వస్తే రాయి మారుతుంది. తెలంగాణలో అధిక భాగం గ్రానైట్ నేల. ఎగుడు దిగుడుగా, బోడ గుండ్లతో, మధ్యమధ్య పల్లాలతో ఉంటుంది. రెండు గుట్టల నడుమ చిన్న కట్ట వేస్తే చెరువు. కాకతీయులు, వారి సామంతులు కట్టించిన రామప్ప, పాకాల, లక్నవరం ఈ రూపురేఖల్లోంచి పుట్టినవే. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండే గొలుసుకట్టు ఈ నేలకు అతికినట్టు సరిపోయింది. చెరువులో నిలిచిన నీరు అడుగునున్న మొరంలోకి ఇంకి చుట్టుపక్కల బావుల్లో తేలుతుంది. నల్లరేగడి మైదానాల్లో ఈ పద్ధతి ఇంతగా విస్తరించకపోవడానికి కారణం రాజుల శ్రద్ధ లేకపోవడం కాదు, నేల తీరు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీయించడం మొదలుపెట్టినప్పుడు, ఆ మట్టిని పొలాలకు తోలుకున్న రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఆనకట్టలు. అన్నీ ఒక జాతివి కావు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట నీటిని దాచడానికి కట్టింది కాదు. నది మట్టాన్ని కొన్ని అడుగులు ఎత్తి, కాలువల్లోకి తిప్పడమే దాని పని. పునాది రాతి మీద కాదు, ఇసుక మీద. కావేరి మీది కల్లణైని చూసి, ఇసుకలోనూ బరువైన రాతికట్టడం నిలుస్తుందని ఆయన నేర్చుకున్నాడు. నదిలో నీరుంటే డెల్టాకు నీరు, లేకపోతే లేదు. ఇప్పటికీ గోదావరి డెల్టాలో దాళ్వా పంట గట్టెక్కుతోందంటే తూర్పు కనుమల్లో విద్యుత్తు కోసం నిల్వ చేసి వదిలే సీలేరు నీళ్లు అందుతున్నందునే.

జలాశయం కట్టడం మరో పని. అది నీటిని పుట్టించదు. వర్షాకాలపు నీటిని వేసవికి జరుపుతుంది, లేదా ఒక చోటి నీటిని ఇంకో చోటికి మళ్లిస్తుంది. ఆ జరపడానికి లోయ రూపం కావాలి. కృష్ణ నల్లమలలో క్వార్ట్‌జైట్ కొండలను కోసుకుని లోతైన ఇరుకు లోయలో నడుస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ రెండూ అందుకే అక్కడ వెలిశాయి. నల్లరాతి మైదానంలో ఆ సౌకర్యం లేదు. పైఠణ్ దగ్గర గోదావరి మీద 1976లో పూర్తయిన జాయక్వాడీ మట్టికట్ట ఎత్తు 41 మీటర్లే, పొడవు మాత్రం దాదాపు 10 కిలోమీటర్లు. అంత వెడల్పున పలచగా పరుచుకున్న నీటిని మరాఠ్వాడా ఎండ నేరుగా తాగుతుంది.

నల్లరాతి కొండలు వేరే ఆశ పుట్టించాయి. కనుమల అంచు నుంచి కొంకణంలోకి నిట్టనిలువుగా దిగే వాలు ఉంది కాబట్టి, తూర్పుకు పోయే నీటిని పడమటికి తిప్పితే కరెంటు వస్తుంది. టాటాలు 1915లోనే ఖోపోలిలో ఈ పద్ధతిన బొంబాయికి విద్యుత్తు ఇచ్చారు. ముల్షీ దగ్గర ఆనకట్ట కడుతుంటే భూములు పోతున్న రైతులు 1921 నుంచి సేనాపతి బాపట్ నాయకత్వంలో సత్యాగ్రహం చేశారు. మన దేశంలో ఆనకట్టకు వ్యతిరేకంగా నడిచిన తొలి పోరాటాల్లో అదొకటి. ఆ తర్వాత కోయనా. 103 మీటర్ల ఎత్తున 1964కు పూర్తయిన ఈ డ్యామ్ నీళ్లను సొరంగాల గుండా పడమటికి దించి దాదాపు 1,960 మెగావాట్ల కేంద్రాన్ని నడుపుతున్నారు. అలా తిప్పడానికి, కృష్ణా నీటిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ అనుమతించిన నీరు ఏడాదికి 67.5 టీఎంసీలు. కృష్ణా పరీవాహకంలో కురిసి, కృష్ణకు చేరకుండా అరేబియా సముద్రంలో కలిసే నీరది. దిగువన ఒక్కో టీఎంసీకి రెండు రాష్ట్రాలు పోట్లాడుకుంటున్న వేళ ఈ అంకె గుర్తుండాలి.

కోయనా ఇంకో పాఠమూ చెప్పింది. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున అక్కడ 6.3 తీవ్రతతో భూమి కంపించింది. దాదాపు 200 మంది చనిపోయారు. భూకంపాల భయం లేదనుకున్న గట్టి పీఠభూమి అది. జలాశయం నిండాక రాతి పగుళ్లలోకి దిగే నీటి ఒత్తిడి, అప్పటికే బిగుసుకుని ఉన్న భ్రంశాన్ని కదిలించిందన్నది ఈనాటి అవగాహన. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలు, ముఖ్యంగా హర్ష్ గుప్తా, దీన్ని దశాబ్దాలుగా పరిశీలించారు. అక్కడ మూడు కిలోమీటర్ల లోతుకు బోరు వేస్తే సుమారు 1.2 కిలోమీటర్ల దగ్గర నల్లరాయి అయిపోయి గ్రానైట్ మొదలైంది. వానాకాలంలో జలాశయం నిండడంతో, ఎండాకాలంలో తగ్గడంతో ముడిపడి చిన్న ప్రకంపనలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

రాతిని తక్కువ అంచనా వేస్తే ఏమవుతుందో 1976 జూన్ 5న ఐడహోలో తెలిసింది. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన రాతి లోయలో అమెరికా ప్రభుత్వం కట్టిన 93 మీటర్ల టీటన్ మట్టి డ్యామ్ తొలిసారి నిండుతుండగానే తెగిపోయింది. ఆ రాతినిండా తెరుచుకున్న పగుళ్లు. డ్యామ్ గుండెకాయలో వాడింది గాలి మోసుకొచ్చిన మెత్తటి మట్టి. పగుళ్లలోంచి వచ్చిన నీరు ఆ మట్టిని లోలోపలే తోడుకుపోయింది. ఉదయం కనిపించిన బురద ఊట మధ్యాహ్నానికి ముందే గండిగా మారింది. 11 మంది ప్రాణాలు పోయాయి. కట్టబోయే ముందే రాతిలో పగుళ్లున్నాయని తెలుసు. సిమెంటు పాలతో పూడిస్తే సరిపోతుందనుకున్నారు.

అడుగున మట్టి కొట్టుకుపోవడమనే ఈ జబ్బు మనకూ పరాయిది కాదు. 2023 అక్టోబరు 21న గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు కుంగింది. పునాది కింద ఇసుక జారిపోవడాన్ని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నివేదిక ఎత్తిచూపింది. పోలవరంలో నది ఒండ్రు లోతుగా ఉండటంతో నీరు కిందినుంచి పారకుండా నేలలో కాంక్రీటు గోడ దించారు. అది 2020 వరదకు దెబ్బతింటే, 2025లో కొత్త గోడ పని మొదలుపెట్టారు. ధవళేశ్వరం ఇసుక మీద నిలబడగలిగింది గదా అని అడిగేవారున్నారు. ధవళేశ్వరం ఆపే నీటి ఎత్తు వేరు, దాని కింద ఒత్తిడి వేరు. ఇసుకను నమ్ముకోవచ్చు, దానికి తగిన బరువే మోపితే.

వరద వచ్చినప్పుడు ఆనకట్ట చేయగలిగినదీ చేయలేనిదీ రెండూ బయటపడతాయి. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దాటిన వరద దాదాపు 35 లక్షల క్యూసెక్కులు. 2022 జులై 16న భద్రాచలంలో మళ్లీ 71.3 అడుగులు. ఈ నీటిలో పెద్ద వాటా నాసిక్ వైపుది కాదు. విదర్భ నుంచి దిగే ప్రాణహిత, బస్తర్ అడవుల ఇంద్రావతి, శబరి మోసుకొచ్చిందే. ఎగువ గోదావరి మీద ఎన్ని ఆనకట్టలున్నా ఈ వరదను పట్టలేవు.

కృష్ణలోనూ అంతే. 2009 అక్టోబరు మొదట్లో కర్నూలు, మహబూబ్‌నగర్, రాయచూరు వైపు కుండపోత కురిసి కర్నూలు నగరం మునిగింది. శ్రీశైలంలోకి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చి, 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి నీరు 896 అడుగులకు ఎక్కింది. డ్యామ్ నిలిచింది. విజయవాడ చేరేసరికి అది 11 లక్షల క్యూసెక్కుల దగ్గరికి తగ్గిందంటే శ్రీశైలం, సాగర్ కలిసి ఆ రోజుల్లో చేసిన మేలు చిన్నది కాదు. కానీ 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ చరిత్రలోనే అత్యధికంగా 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు వానలో చాలా భాగం జలాశయాలకు దిగువన పడింది. విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కూడా కాదు, బుడమేరు వాగు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ కూడా కేవలం 80, 90 కిలోమీటర్ల ఎగువన, వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో పుట్టే చిన్న నది. ఆ ఒక్క రోజు నష్టం చూశాకే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి.

వరద తెచ్చేది నీళ్లే కాదు. నల్లరేగడి మన్ను నీటిలో తేలికగా కలిసిపోయి, నిలకడ దొరికిన చోట కూర్చుంటుంది. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 80 చిల్లర. తుంగభద్ర 133 నుంచి సుమారు 106కు, నాగార్జునసాగర్ 408 నుంచి 312కు, శ్రీశైలం 308 నుంచి 216కు దిగిపోయాయి. ఈ నాలుగింటిలోనే 240 టీఎంసీలకు పైగా చోటు పోయింది. కొత్త ప్రాజెక్టుల శిలాఫలకాలకు దొరికే సందడి ఈ నష్టానికి దొరకలేదు.

పైన పూడినదంతా కింద లోటే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరుల అధ్యయనాల్లో తేలినదాని ప్రకారం గోదావరి సముద్రానికి తెచ్చే ఒండ్రు 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు. 1990లకు అది 6 కోట్ల లోపుకు పడిపోయింది. కృష్ణ పరిస్థితి మరీ ఘోరం: 1950లలో 90 లక్షల టన్నులు, ఆ తర్వాత 4 లక్షల దగ్గర. డెల్టా అంటే నది ఏటా పోసే మన్ను, సముద్రం ఏటా కోసే మన్ను మధ్య తూకం. పోత తగ్గింది, కోత ఆగలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల అంచుల్లో చాలా చోట్ల తీరం లోపలికి జరుగుతోంది.

నీటి పంపకాల తగవు చివరకు ట్రిబ్యునళ్ల ముందుకు చేరినప్పుడు రాయి పూర్తిగా పక్కకు పోయింది. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో 75 శాతం నమ్మకంతో 2,060 టీఎంసీలు దొరుకుతాయని తేల్చి మూడు రాష్ట్రాలకు పంచింది. బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో 65 శాతం నమ్మకానికి ఆ అంకెను 2,293కు పెంచింది. కానీ బచావత్ ఉత్తర్వులోనే ఒక నిబంధన ఉంది: ఏ రాష్ట్రమైనా వాడుకునే భూగర్భజలాన్ని కృష్ణా నీటి వాడకంగా లెక్కించరాదు. డెల్టా వంటి లోతైన ఒండ్రు నేలకు ఆ విభజన కొంత చెల్లవచ్చు. పలచటి నల్లరాతి పొర మీద అది చెల్లదు. ఎగువన కోట్ల రూపాయల బోర్లు ఎంత తోడినా పంపకాల పద్దులో అవి కనిపించవు. దిగువ జలాశయం ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం తగవు గేట్ల మీదికి వస్తుంది.

ఐడహో ఈ చిక్కును ముందే ఎదుర్కొంది. మైదానంలో బోర్లు పెరిగాక థౌజండ్ స్ప్రింగ్స్ ఊటలు తగ్గాయి, వాటి మీద ఆధారపడ్డ చేపల పెంపకందారులు ఎదురు తిరిగారు. 1994లో ఆ రాష్ట్రం బావి నీటినీ నది నీటినీ ఒకే పద్దులో చూసే నిబంధనలు తెచ్చింది. తగవులు ఆగలేదు, కోర్టులకెక్కాయి. అయినా ఎవరు తోడితే ఎవరికి తగ్గుతుందో లెక్కగట్టే పద్ధతి ఒకటి ఏర్పడింది. ఇక్కడ మహారాష్ట్రలోని హివరే బజార్ ఒక్క ఊరి స్థాయిలో ఆ పని చేసింది. 1989లో సర్పంచి అయిన పోపట్‌రావ్ పవార్ నాయకత్వంలో గట్లు వేసి, చెట్లు పెంచి, సాగుకు బోర్లు వద్దనుకుని, ఏటా ఎంత కురిసిందో కొలిచి, దాన్నిబట్టి ఏ పంట వేయాలో గ్రామసభలో నిర్ణయించుకోవడం మొదలుపెట్టారు. తమ కింద ఉన్నది రెండు శాతం రాయి అని తెలిసి నడుచుకున్న ఊరు అది.

2012లో కేంద్ర భూగర్భజల మండలి దేశవ్యాప్తంగా నేల కింది నీటి పొరల పటాలు గీయడం మొదలుపెట్టింది. 2023 అక్టోబరులో కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు ఇచ్చి, ఉమ్మడి రాష్ట్రానికి దక్కిన 811 టీఎంసీలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య పంచే పని అప్పగించింది. ఆ వాదనల్లో ఈ పటాలకు చోటు దొరకాలి. అంతకంటే తేలికైన మొదటి మెట్టు మంజీరా. మూడు రాష్ట్రాల గుండా పారినా అది చిన్న పరీవాహకమే, ఎగువన నల్లరాయి, దిగువన గ్రానైట్. లాతూరు బోర్లనూ, బీదర్ కరేజులనూ, సింగూరు మట్టాన్నీ ఒకే పద్దులో రాసి, నెలనెలా మూడు రాష్ట్రాల ముందూ పెట్టగలిగితే కృష్ణకు కావాల్సిన నమూనా చేతికి వస్తుంది. దానికి కొత్త డ్యామ్ అక్కర్లేదు. కొలిచే బావులు, కొలిచే మనుషులు, ఆ అంకెలను దాచకుండా పంచుకుంటామన్న ఒప్పందం ఉంటే చాలు.